ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి!

ఇల్లు కట్టేవాడికీ, పిల్లకి సంబంధాలు చూసేవాడికీ, పన్నుపోటు వచ్చినవాడికీ సలహాలకు కొదవుండదంటారు. మొదటి రెండూ నాకు ఎప్పుడో అనుభవమయ్యాయి. మూడోది ఈమధ్యే అయింది.

ఓ శనివారం రాత్రి. టైము పదకొండున్నర. ఎడమవైపు కింది దవడ పన్ను మొదలెట్టింది. పన్నుపోటుకి ఓ దుర్గుణం ఉంది. పగలంతా బుద్ధిమంతుడిలా ఊరుకుంటుంది. దిండు మీద తల వాల్చామో లేదో, దరువు మొదలెడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరి, పంటి లోపల వాచి ఉన్న నరం మీద ఒత్తిడి పెరుగుతుందట. ఈ సంగతి తర్వాత తెలిసింది. ఆ రాత్రికి మాత్రం నాకూ ఆ పంటికీ పూర్వజన్మ పగ ఏదో ఉందనే అనుకున్నాను.

మా ఆవిడ పోపుడబ్బాలోంచి లవంగం తెచ్చింది. లైటు వెలుగుతోందని చూసి వచ్చిన పక్కవాటా మాస్టారు ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. పైవాటా ఆయన దూది ముక్క బ్రాందీలో ముంచి పట్టుకొచ్చారు. ఆ బ్రాందీ తమ ఇంట్లో ఎక్కడినుంచి వచ్చిందన్న చర్చ తర్వాత వాళ్ళింట్లో చాలాసేపు నడిచినట్టు వినబడింది. బెంగళూరు నుంచి మా అమ్మాయి వాట్సాప్‌లో ఓ వీడియో పంపింది. వెల్లుల్లి రెబ్బ దంచి మణికట్టుకి కట్టుకోవాలట. పన్ను ఎడమవైపైతే కుడిచేతికి, కుడివైపైతే ఎడమచేతికి. నాలుగు లక్షలమంది చూశారు నాన్నా అంది. నేనూ కట్టుకున్నాను. తెల్లారేసరికి పన్ను నొప్పి పన్నులోనే ఉంది. అదనంగా కుడి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది.

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో లేని రాయి లేదు.

చిన్నప్పుడు శ్రీకాకుళం జిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇంతకంటే పెద్ద రాళ్ళు ఉండేవి. కోతలయ్యాక, గాదెల్లో గింజ ఉన్న రోజుల్లో, భుజాన జోలె తగిలించుకుని ఒకావిడ వచ్చేది. ‘పన్ను పురుగులు తీస్తామమ్మో’ అని వీధి చివర కేక వినపడగానే పిల్లలమంతా వెంట పడేవాళ్ళం. నొప్పి ఉన్న మనిషిని అరుగు మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, చెవిలో ఏదో ఆకు పసరు పిండేది. కాసేపు మంత్రంలాంటిది గొణిగి, చిన్న పుల్లతో చెవిలోంచి పసరు తీసి ఇత్తడి పళ్ళెంలోని నీళ్ళలో వేస్తే, తెల్లగా సన్నగా దారప్పోగుల్లాంటి పురుగులు తేలేవి. మా అమ్మమ్మకి పదకొండు తీసింది. ఇచ్చింది సోలెడు బియ్యం. పక్కింటావిడ మానెడు ఇస్తే ఇరవై మూడు వచ్చాయి. ఆ లెక్కలోని కిటుకు అర్థమవడానికి నాకు మరో పదేళ్ళు పట్టింది.

అయినా ఆ జోలె ఆవిణ్ణి మోసగత్తె అని తేల్చిపారెయ్యడానికి మనసొప్పదు. పంటి పురుగు ఆవిడ కనిపెట్టింది కాదు. బాబిలోనియా మట్టిపలకల మీదే పన్నుపోటు మంత్రం ఒకటి దొరికింది. అందులో పురుగు ఏడుస్తూ దేవుళ్ళ దగ్గరికెళ్ళి నాకు తిండి ఏదని అడుగుతుంది. పళ్ళు ఇస్తామంటే వద్దంటుంది. పంటికీ చిగురుకీ మధ్య చోటివ్వమంటుంది. మన సుశ్రుతుడు కూడా పుచ్చిన పన్నుకి కృమిదంతం అనే పేరు పెట్టాడు. ఐరోపాలో ఖురాసాని వాము గింజల్ని నిప్పుల మీద వేసి ఆ పొగ నోట్లోకి పట్టించేవారు. వేడికి గింజ పగిలి లోపలి మొలక బయటకి పడేది. చూడ్డానికి అచ్చం పురుగే! మన పల్లెల్లో నేలములక గింజలతో ఇదే తతంగం. వాకుడు అని కూడా అంటారు. కుండపెంకులో నిప్పులు, వాటి మీద గింజలు, పైన బోర్లించిన ముంత, దాని చిల్లులో గొట్టం. పొగ తగిలి చొంగ కారుతుంటే నొప్పి కాస్త మందగించినట్టే ఉంటుంది. కారిన చొంగలో ఏ నలక కనిపించినా అది పురుగే.

పంటి పురుగుని గట్టిగా కాదన్నవాడు పియేర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు. 1728లో అచ్చయిన తన పుస్తకంలో, సూక్ష్మదర్శినితో వెతికినా తనకు పురుగులేవీ కనబడలేదని రాశాడు. మరైతే పన్ను ఎందుకు పుచ్చుతోంది? దానికి జవాబు దొరకడానికి ఇంకో నూటఅరవై ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికన్ 1890లో తేల్చాడు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది అని. అంటే తినే జీవి ఉన్న మాట నిజమే. కాకపోతే అది కంటికి కనబడదు, చెవిలోంచి అసలే రాదు.

చెవిలోంచే ఎందుకు తీసేవారన్నది మాత్రం భలే తమాషా. కింది పళ్ళకు వెళ్ళే నరం, చెవి ముందుభాగానికి వెళ్ళే నరం ఒకే కొమ్మకు పూసిన రెమ్మలు. అందుకే కింది దవడ పన్ను సలిపితే చెవిలో పోటు పొడిచినట్టుంటుంది. ఉన్న చోటు ఒకటి, తెలిసే చోటు ఒకటి. చెవిలో చల్లటి పసరు పడితే హాయిగా ఉండేదంటే అందుకే. (ఇదే వరసలో ఇంకోటి కూడా చెప్పాలి. నాలుగు మెట్లెక్కితే కింది దవడ లాగేసి, కూర్చుంటే తగ్గిపోతోందంటే వెళ్ళాల్సింది పళ్ళ డాక్టరు దగ్గరికి కాదు, గుండె డాక్టరు దగ్గరికి.)

మా ఊళ్ళో మేకు వైద్యం కూడా ఉండేది. ఓ పెద్దాయన గుమ్మం చెక్క మీద బొగ్గుతో ఏవో అక్షరాలు రాసి, మొదటి అక్షరం మీద మేకు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి ‘తగ్గిందా?’ అని అడిగేవాడు. లేదంటే రెండో అక్షరం. మూడోదానికి అందరూ తగ్గిందనేవారు. వెనకాల పదిమంది నిలబడి చూస్తుంటే ఎన్నిసార్లని లేదంటాం? నేపాల్ రాజధాని ఖాట్మండూ పాతబస్తీలో పన్నుపోటు దేవుడికి గుడే ఉంది. గుడంటే గోడకి ఆనించిన చెక్క మొద్దు. దాని నిండా నాణేలు మేకులతో కొట్టి ఉంటాయి. ఆ వీధి పొడవునా పళ్ళ డాక్టర్ల దుకాణాలే. మొక్కూ తీర్చుకోవచ్చు, అటునుంచి అటే పన్నూ చూపించుకోవచ్చు. మనకంటే వాళ్ళ ఏర్పాటే బాగుంది.

ఈ మంత్రాలూ మేకులూ మనకేం మేలు చెయ్యకపోయినా, కీడూ చెయ్యవు. భయమల్లా నోట్లో పెట్టుకునేవాటితోనే. లవంగం సంగతి వేరు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పెద్దవాళ్ళ మందుల్లో ఇదొక్కటి అసలు సరుకు. లవంగంలోని యూజినాల్ అనే పదార్థం నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. డాక్టర్లు జింక్ ఆక్సైడ్ పొడిలో దీన్నే కలిపి తాత్కాలికంగా పన్ను పూడుస్తారు. పళ్ళ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మసాలా వాసనలాంటిది కొట్టేది అందుకే. కానీ లవంగం తెల్లవారేదాకా ఆపుతుందే తప్ప పుచ్చుని మాన్పదు. సీసాలో దొరికే చిక్కటి లవంగ నూనెని చిగురుకి ధారాళంగా రాస్తే అక్కడ చర్మం ఊడొస్తుంది.

మా బావమరిది ఇంకో పని చేశాడు. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ బిళ్ళని మింగకుండా, నొప్పున్న పంటి పక్కన బుగ్గలో దాచుకుని పడుకున్నాడు. మందు ‘డైరెక్టుగా’ పని చేస్తుందని ఆయన లెక్క. పొద్దున అద్దంలో చూసుకుంటే బుగ్గ లోపల సున్నం రాసినట్టు తెల్లగా మాడిపోయి ఉంది. వారంరోజులు మజ్జిగన్నమే. ఆస్పిరిన్ ఆమ్లం. కడుపులోకి వెళ్ళి రక్తంలో కలిసి పని చెయ్యాల్సిందే గానీ, పంటి పక్కన కూర్చుని చెయ్యదు. జిల్లేడు పాలు, జీడి రసం పుచ్చులో వేసుకునేవాళ్ళూ ఉన్నారు. నొప్పి తగ్గుతుందో లేదోగానీ చిగురు కాలుతుంది. ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే జిల్లేడు పాలతో కంటిపాప మీది పొర దెబ్బతింటుంది. ఇక కర్పూరం. చిన్నపిల్లల పంటికి కర్పూరం పెట్టమని ఎవరు చెప్పినా వినకండి. కాస్త మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు.

అన్నిటికంటే దొడ్డ ముప్పు పొగాకు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. చుట్ట నిప్పు కొసని నోటిలోపల పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువగా ఉండేది. ఎందుకే అమ్మమ్మా అంటే ‘పన్నుపోటుకి ఇదే మందు బావూ’ అనేది. ఆ వేడికీ పొగకీ ఆవిడ అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉండేది. నోరు తెరిచి నవ్వితే మాకు కనబడేది. శ్రీకాకుళం ప్రాంతంలో అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. దానికి కారణం అడ్డపొగేనని తేల్చారు. మా అమ్మమ్మ అదృష్టవంతురాలు, ఆవిడకి రాలేదు. ఆ వీధిలోనే ఆవిడ ఈడువాళ్ళు ఇద్దరికి వచ్చింది. పొగాకు కలిపిన పళ్ళపొడుల్నీ పేస్టుల్నీ కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా నశ్యంతో పళ్ళు తోముకునేవాళ్ళు ఊరికి నలుగురు ఇప్పటికీ కనిపిస్తారు. మొదట నొప్పికని మొదలుపెడతారు. నొప్పి పోయాక కూడా చెయ్యి డబ్బీ మీదికే పోతుంది.

ఇంతదాకా నవ్వుతూ రాశాను. ఇక్కడినుంచి నవ్వు రాదు.

మా మేనత్తకి డెబ్భై దాటాయి. పదిహేనేళ్ళ కిందటి మాట ఇది. అప్పటికే ఆవిడకి షుగరు. కుడివైపు కింది చివరి పన్ను పుచ్చి నెలల తరబడి సలుపుతోంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే ‘పన్ను పీకితే కళ్ళు పోతాయిరా’ అని ఒకటే పాట. పైపన్ను పీకితే చూపు పోతుందని కదా అంటారు, నీది కింది పన్ను కదత్తా అంటే, నరాలన్నీ ఒకటే అనేది. ఆవిడ వాళ్ళ అమ్మకి పళ్ళు తీయించాక చూపు మందగించిందట. తీయించుకున్నది అరవయ్యో ఏట. ఆ వయసుకి పళ్ళున్నవాళ్ళకీ, లేనివాళ్ళకీ కూడా శుక్లాలు వస్తాయి. పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీస్తే చూపు నరానికి ఏమీ కాదు. నిజానికి కంటికి ప్రమాదం ఎటునుంచి అంటే, చీము పట్టిన పైపన్నుని తీయించకుండా ఉంచుకుంటే. అరుదుగానైనా ఆ చీము కంటి గూట్లోకి పాకుతుంది. ఇవన్నీ ఆవిడకి చెప్పానా? చెప్పలేదు. నాకే అప్పుడు తెలియదు.

నేను చేసిందేమిటంటే, ఆవిడ ఫోను చేసినప్పుడల్లా వీధి చివర మందుల షాపులో ‘పన్నుపోటుకి రెండు బిళ్ళలివ్వండి’ అని అడిగి, కాగితంలో పొట్లం కట్టించి, ఊరికెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపడం. ఒకటి నొప్పి బిళ్ళ, ఒకటి యాంటీబయోటిక్. రెండు రోజులు వేసుకునేది. తగ్గేది. మానేసేది. నెల తిరిగేసరికి మళ్ళీ ఫోను. ఇలా నాలుగైదు పొట్లాలు వెళ్ళాయి. సెలవు పెట్టి, ఊరికెళ్ళి, ఆవిణ్ణి ఒప్పించి తీసుకురావడం కంటే పొట్లం పంపడం తేలిక. అంతకుమించి కారణం లేదు.

ఒకసారి దానంతటదే తగ్గిపోయింది. ‘మీ డాక్టర్లెవరూ అక్కర్లేకుండానే పోయిందిరా నొప్పి’ అని సంబరంగా చెప్పింది. నేనూ సంతోషించాను. అందరం బోల్తాపడేది ఇక్కడే. పుచ్చు నరందాకా వెళ్ళినప్పుడు పన్ను గగ్గోలు పెడుతుంది. కొన్నాళ్ళకి ఆ నరం చచ్చిపోతుంది. చచ్చిన నరం నొప్పి చెప్పదు. ఆ సమయానికి ఏ వైద్యం చేస్తుంటే పేరంతా దానికే పోతుంది. పసరైతే పసరుకి, మేకైతే మేకుకి, నా పొట్లమైతే నా పొట్లానికి. లోపల మాత్రం సూక్ష్మజీవులు వేరు చివరిదాకా దిగి ఎముకలో చీము గూడు కడుతుంటాయి.

మూడు వారాల తర్వాత దవడ కింద వాపు మొదలైంది. ఇంట్లోవాళ్ళు వేడి వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టారు. మర్నాటికి వాపు మెడకి దిగింది. నోరు తెరుచుకోలేదు. నాలుక పైకి లేచిపోయింది. గుటక పడలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. రాత్రికి ఊపిరి గురక పెట్టింది. విశాఖపట్నంలో ఆసుపత్రికి చేర్చేసరికి తెల్లవారుజాము మూడయింది. ఇంకో గంట ఆలస్యమైతే నేనేం చెయ్యలేకపోయేవాణ్ణి అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టి ఊపిరి అందించారు. మెడ కింద కోసి చీము తీశారు. ఆ పుచ్చు పన్నుని కూడా అప్పుడే పీకేశారు. ఈ జబ్బు గురించి లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు 1836లోనే రాశాడట, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కింది దవడ చివరి పళ్ళ నుంచే ఎక్కువగా వస్తుందనీ, షుగరున్నవాళ్ళలో తొందరగా ముదురుతుందనీ ఆ కుర్రాడే చెప్పాడు. దవడ కింద వాపుతో పాటు జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, గుటక పడకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు అన్నాడు. ‘మరి ఇన్నాళ్ళూ ఏం మందులు వాడారు?’ అని అడిగాడు. నేను పొట్లాల సంగతి చెప్పాను. అతనేమీ అనలేదు. కేసు కాగితం మీద రాసుకున్నాడు.

పద్దెనిమిది రోజులున్నాం ఆసుపత్రిలో. మొదటి వారమంతా గొట్టం మూలంగా అత్తకి మాట లేదు. పలక ఇస్తే రాసి చూపించేది. మొదటిరోజు రాసిన మాట ‘ఖర్చెంతయింది’. పన్ను మొదట్లోనే పూడిపించుకునుంటే, పోనీ రూట్ కెనాల్ చేయించుకునుంటే, అందులో ఎన్నో వంతుకి సరిపోయేదో లెక్క వేశానుగానీ ఆవిడకి చెప్పలేదు. చేతిలో డబ్బులేనివాళ్ళకి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు దంతవైద్య కళాశాలల్లో కూడా బయటకంటే తక్కువకే చూస్తారు. విద్యార్థులు చేస్తారని భయపడతాంగానీ, పక్కన వాళ్ళ మాస్టారు ఉంటారు.

అత్త ఇప్పుడు బాగానే ఉంది. మెడ మీద మచ్చ కనబడకుండా కొంగు కప్పుకుంటుంది. అది జరిగిన రెండేళ్ళకి ఆవిడకి శుక్లాలు వచ్చి రెండు కళ్ళకీ ఆపరేషను అయింది. ‘చెప్పానా, పన్ను పీకితే కళ్ళు పోతాయని!’ అంది. తీసింది కుడివైపు పన్ను, మరి ఎడమ కంటికి ఎందుకొచ్చిందత్తా అంటే, ‘నరాలన్నీ ఒకటేరా’ అంది. పొట్లాల సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఆదివారం ఉదయం మణికట్టు బొబ్బకి పూతమందు రాసుకుని, సోమవారం దాకా ఆగకుండా తెరిచి ఉన్న డాక్టర్ని వెతుక్కుంటూ వెళ్ళాను. మూడుసార్లు తిరిగితే రూట్ కెనాల్ పూర్తయింది. మత్తు సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంది, అంతే. ఇల్లు చేరి పేపరు తిరగేస్తుంటే అత్త ఫోను.

‘పన్ను పీకేశారా?’

‘లేదత్తా. లోపలి నరం తీసేసి పూడ్చేశారు.’

‘నరమే తీసేశారా!’ కాసేపు అటునుంచి చప్పుడు లేదు. ‘పేపరు కనిపిస్తోందా?’

‘కనిపిస్తోందత్తా.’

‘రెండు కళ్ళతో కాదురా. పన్ను ఎటువైపు?’

‘ఎడమ.’

‘అయితే కుడికన్ను మూసి చూడు.’

మూసి చూశాను.